ఇంటామె ఎక్కనిదే సెల్ఫు కొట్టడు

మేడ్చల్ హైవే పక్కన, సర్వీసు రోడ్డు మీద ప్రభుదాసు షెడ్డూ నా స్పేర్ పార్ట్స్ దుకాణమూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. ఆ గోడలో ఒక ఇటుక ఊడిపోయి చాలా కాలమైంది. నేను బాగు చేయించలేదు. చేయిస్తే అతను ఊరుకోడు. ఆ కంతలోంచే చెయ్యి చాపి "సేటూ, ఒక ఫ్యాను బెల్టియ్యి" అంటాడు. బెల్టు ఇస్తే నూనె మరకల చెయ్యి వెనక్కి పోతుంది, మనిషి మొహం కూడా కనిపించదు. నా పేరు వీరభద్రం. నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అంటారు. ప్రభుదాసు పక్కన ఇన్నేళ్లు దుకాణం నడిపితే ఎవరికైనా ఎక్కువవుతుందని నేనంటాను.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో పాటల జట్టు ముందు వరుస అతనిదే. తన చెవి గురించి చెప్పుకోవడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. "సేటూ, నేను శ్రుతి తెలిసినోణ్ని. ఇంజను ఇనంగనే ఏ వాల్వు దొంగతనం జేస్తాందో జెప్త" అంటాడు. నిజమే, చెప్తాడు. చెప్పి ఊరుకుంటే నాకు ఇబ్బంది లేదు. రోజంతా అదే చెప్తాడు. పదో తరగతి తప్పాడు గానీ లారీలకు ఇంటర్‌కూలర్లు బిగించడంలో దిట్ట. అందుకని "టెన్త్ ఫెయిలైన గని ఇంటర్ జేసిన" అని కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరుకూ చెప్పి తానే ముందు నవ్వుతాడు. ఆ జోకు నేను ఎన్నిసార్లు విన్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, అతని పట్టు ఒక్కటీ ఒక ఎత్తు. పెద్ద పని చేసిన ఏ బండినైనా మొదటిసారి స్టార్టు చేయాలంటే ఆ బండి ఓనరు ఇంటామె వచ్చి కేబిన్‌లో కూర్చోవాలి. భార్య లేకపోతే తల్లి, తల్లి లేకపోతే అక్కో చెల్లెలో. ఎవరో ఒకరు ఎక్కనిదే ప్రభుదాసు సెల్ఫు కొట్టడు. నిమ్మకాయలు తొక్కించుకునేవాళ్లు తొక్కించుకుంటారు, ప్రార్థన చేసుకునేవాళ్లు చేసుకుంటారు, దానికి అతనేమీ అడ్డు చెప్పడు. ఇంటామె మాత్రం ఎక్కాల్సిందే.

ఎందుకయ్యా అని అడిగితే రోజుకో కారణం చెప్తాడు. ఒకరోజు "తిండి పెట్టే బండి ఎట్లుంటదో ఆమెకు తెల్వాలె గద" అంటాడు. మరో రోజు "ఆమె ఒక్కపారి కూసుంటే డ్రైవరు తాగి దోలడు" అంటాడు. అసలు సంగతి నాకు అతని భార్య ఏసమ్మ చెప్పింది. పెళ్లయిన కొత్తలో ప్రభుదాసు సొంతంగా విప్పి బిగించిన మొదటి ఇంజనుకు ఎక్సిలేటరు తొక్కడానికి పక్కన మనిషి లేక ఆమెనే ఎక్కించాడట. ఒక్క సెల్ఫుకే ఇంజను అందుకుందట. "గా దినంకెళ్లి మొదలువెట్టిండన్నా గీ పిచ్చి. నేను బెదురుకుంట తొక్కిన. గాయనకేమో నా కాళ్ల ఏందో ఉన్నదనిపిచ్చింది" అని ఏసమ్మ నవ్వింది. భర్త మీద ఆమెకున్న మురిపెం ఆ నవ్వులో దాగలేదు.

బోయిన్‌పల్లి నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌పోర్టు ఓనరు తన భార్యను వీడియో కాల్‌లో చూపించాడు. "ఫోన్ల కూసుంటే సీటు మీద కూసున్నట్టా?" అని ప్రభుదాసు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పెళ్లికాని డ్రైవరు ఒకడు అల్వాల్‌లో ఉన్న అక్కను లోకల్ రైలెక్కించి తీసుకొచ్చాడు. ఒక పెద్ద బీబీ బురఖా సర్దుకుంటూ కేబిన్ ఎక్కి "బిస్మిల్లా" అంది, కింద నుంచి ప్రభుదాసు "ఆమెన్" అన్నాడు, ఇంజను స్టార్టయింది. ఆరోజు మాత్రం నాకూ ముచ్చటేసింది. అతనికి చెప్పలేదు, చెప్తే నెత్తికెక్కుతాడు.

ఈ ఎండాకాలం మొదట్లో శామీర్‌పేట మల్లేష్ తన నీళ్ల ట్యాంకరు తీసుకుని వచ్చాడు. ఆ బండిని నేను ఎరుగుదును. వాళ్ల నాయిన ఎల్లయ్య కంటోన్మెంటు వేలంలో మిలిటరీ డిస్పోజల్ లారీ ఒకటి కొని, దాని మీద ట్యాంకు కట్టించాడు. ఎల్లయ్య పోయాక మల్లేష్ నడుపుతున్నాడు, ఇంకా పెళ్లి కాలేదు. గుండ్లపోచంపల్లిలో గుట్ట మీద కట్టిన అపార్ట్‌మెంట్లకు ఎండాకాలమంతా నీళ్లు పోయడం అతని పని.

"మామా, గుట్ట ఎక్కుతలేదు" అన్నాడు మల్లేష్ దిగీ దిగగానే. "నిండు ట్యాంకితోని సగం ఎక్కంగనే దమ్ము పోతాంది. నల్లపొగ, మస్తు యేడి. ఇంకొక్కపారి నడుమల ఆగితే వేరే ట్యాంకరు మాట్లాడుకుంటమని అపార్ట్‌మెంటోళ్లు జెప్పిండ్రు. గది పోతే ఇగ బండి ఉంచుకొని ఏం జెయ్యాలె? తుక్కుకు పోవుడే. కొనెటోడు వచ్చి చూసుకొని గూడ పోయిండు."

"మీ అమ్మేమంటది?" అన్నాడు ప్రభుదాసు.

"అమ్మెయ్యిమంటది. ఆమెకెప్పుడు మంచిగనిపిచ్చింది గనుక? సవతి అంటది గా బండిని."

అది ఊరంతా ఎరిగిన సంగతే. ఎల్లయ్య ఆదివారాలు కూడా ఇంట్లో కూర్చోకుండా ఆ లారీని కడుగుతూ, తుడుస్తూ ఉండేవాడు. మల్లేష్ తల్లి శంకరమ్మ గడపలో నిలబడి "నా సవతికి తానం అయిందా?" అని అడిగేది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ బండి ఎక్కలేదు.

ప్రభుదాసు బానెట్ ఎత్తి చాలాసేపు చూశాడు. మామూలు లారీ ఇంజను తనకు కావలసిన గాలి తానే పీల్చుకుంటుంది. ఈ మిలిటరీ బండికి ముందు ఒక బ్లోయర్ ఉంది. పుస్తకాల్లో సూపర్‌చార్జర్ అంటారు. ఇంజను ఒక బెల్టుతో దాన్ని తిప్పుతుంది, అది గాలిని కుక్కి లోపలికి పంపుతుంది. కుక్కిన గాలి వేడెక్కుతుంది, సైకిలు పంపు కొడితే కింద గొట్టం కాలినట్టు. వేడి గాలిలో బలం ఉండదు. అందుకని ఆ గాలిని చల్లార్చి పంపడానికి రేడియేటరు లాంటి పెట్టె ఒకటి బిగిస్తారు. దాన్నే కొందరు ఆఫ్టర్‌కూలర్ అంటారు, మా వైపు అన్నిటికీ ఇంటర్‌కూలరే. ఈ బండికి అది లేనే లేదు. పైగా బ్లోయర్ పుల్లీలో బెల్టు కూర్చునే గాడులు అరిగిపోయాయి. బరువు పడగానే బెల్టు జారుతోంది, బ్లోయర్ సరిగ్గా తిరగడం లేదు.

"కూలరు పెడ్త, పుల్లీ మారుస్త" అన్నాడు ప్రభుదాసు. "ఇప్పుడున్నదానికంటె చిన్న పుల్లీ ఏస్త. చిన్నదైతే బ్లోయరు జోరుగ తిరుగుతది. గుట్ట ఎక్కుడు గాదురా, దుంకుతది నీ బండి."

ఇటుక కంతలోంచి చెయ్యి వచ్చింది. ఆ సైజు పుల్లీ నా దగ్గర ఎక్కడిది? రాణిగంజ్‌లో ఎండకు మాడుతూ దుకాణం దుకాణం తిరిగాను. దొరికేసరికి నా కాళ్లు నావి కావు. కూలరు పెట్టెను ప్రభుదాసు యాక్సిడెంటయిన ఒక లారీ నుంచి విప్పించి తెచ్చాడు. లీకులు చూసి, అతుకులు వేసి, రేడియేటరు ముందు బిగించాడు. బిగించడానికి కావలసిన ఇనుప పట్టీలు ఎక్కడివని అడగకండి. చర్చిలో విరిగిపోయిన బెంచి కాళ్లవి. పాస్టరుగారిని అడిగే తెచ్చానని ఒట్టేశాడు. గొట్టాలు వంచుతున్నంతసేపూ పాట పాడుతూనే ఉన్నాడు. నా దుకాణంలో గిరాకీ చెప్పేది నాకు వినపడలేదు.

పని అయ్యాక మల్లేష్ సెల్ఫు కొట్టబోయాడు. ప్రభుదాసు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీ అమ్మను తీస్కరా."

"ఆమె రాదు మామా. నీకెర్కలేదా? ఆమె గా బండిని ముట్టదు."

"అయితే గీడ్నే ఉంటది బండి."

మల్లేష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. అపార్ట్‌మెంటువాళ్లు మర్నాడు సాయంత్రం వరకే గడువిచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. "దాసూ, నీ పట్టు నువ్వు పెట్టుకో, వాని పొట్ట ఎందుకు కొడ్తవ్?" అని గోడ ఇవతల నుంచే అరిచాను. ప్రభుదాసు తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఇంటికి పోయి ఏసమ్మను స్కూటరు మీద ఎక్కించుకుని శామీర్‌పేట బయల్దేరాడు. రాదని నేను పందెం వేద్దామనుకున్నాను. ఎవరూ కనపడక వేయలేదు గానీ, వేసుంటే ఓడిపోయేవాణ్ని.

కొంతసేపటికి ప్రభుదాసు స్కూటరు, దాని వెనకే ఒక ఆటో వచ్చి ఆగాయి. ఆటోలోంచి ఏసమ్మ, ఆమె వెనక శంకరమ్మ దిగారు. ఎట్లా ఒప్పించావమ్మా అని తర్వాత ఏసమ్మను అడిగితే చెప్పింది: "ఇన్నేండ్లు బయట నిలవడి తిట్టినవు గదక్కా, ఒక్కపారి లోపల కూసొని తిట్టు, దానికి మంచిగ ఇనొస్తది అన్న. నవ్వి చెప్పులేసుకున్నది."

శంకరమ్మ కొంగు నడుముకు దోపి కేబిన్ ఎక్కింది. సీటు మీద చెయ్యి పెట్టి చూసి, దులిపి కూర్చుంది. మల్లేష్ సెల్ఫు కొట్టాడు. ఇంజను వెంటనే అందుకుంది. ప్రభుదాసు ఎక్సిలేటరు తొక్కమని సైగ చేశాడు. బ్లోయర్ సన్నగా మొదలై, ఈల వేసినట్టు పైకి పోయింది. పొగ లేదు, అదురు లేదు. నా పుల్లీ బంగారంలా తిరుగుతోంది. ప్రభుదాసు రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నా వైపు చూశాడు. "ఇన్నవా సేటూ? ఒక శ్రుతి పెరిగింది!"

శంకరమ్మ కేబిన్‌లోంచి దిగింది.

"ఇది గాదు తమ్మి" అంది.

"ఏంది గాదక్కా?"

"గీ కూత గాదు. మా బండి కూత గిట్లుండది."

ప్రభుదాసు నవ్వాడు. "అక్కా, గది పాత పుల్లీ. అరిగిపోయింది. గిది కొత్తది, అందుకే గట్ల..."

"నాకు పుల్లీలు తెల్వయి" అంది శంకరమ్మ. గొంతు పెద్దది చేయలేదు. "నేను పొయ్యికాడ కూసుంటుంటి. గాయిన చెరువు కట్ట మలుపు తిరుగంగనే కూత ఇనొస్తుండె. ఇన్నంక అన్నం దించి తానానికి నీళ్లు తోడుతుంటి. ఒక్కదినం తప్పలే. గాయిన పోయినంక పిలగాడు తెస్తుంటె గూడ గదే కూత. నడుమ జర బొంగురు వోయింది గని గదే. గది ఇన్నంక ఎవలొస్తాండ్రో నాకు ఒక్క గడియ యాదికుండది తమ్మి. పొద్దుగూకంగ గంతసేపు గాయినే వస్తాండనిపిస్తది. గిప్పుడు గిది యాడికెళ్లో వచ్చిన బండి."

 ఏసమ్మ వచ్చి శంకరమ్మ భుజం పట్టుకుంది.

మల్లేష్ బిక్కమొహం పెట్టాడు. "మరి అమ్మెయ్యి అమ్మెయ్యి అంటివి గదనే, ఇన్ని దినాలు?"

"అంటి. నేనన్న గని, నువ్వు నిజంగ అమ్ముతవనుకున్ననా?"

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ప్రభుదాసు మొహం చూశాను. చెవి చెవి అని రోజూ నా ప్రాణం తోడేసే మనిషి, మొదటిసారి తన చెవి గురించి ఒక్క మాట అనలేదు. బానెట్ కింద తల పెట్టి, పానా అందుకుని, ఇప్పుడే బిగించిన పుల్లీ నట్టు వదులు చేయడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్?" అన్నాను.

"పాతది ఏస్త."

"అరిగిపోయింది గదయ్యా! జారుతది! పిలగాని బండి రేపు గుట్ట ఎక్కాలె! నేను రాణిగంజ్ మొత్తం తిరిగి తెచ్చిన!"

"సేటూ, నీ పుల్లీ మంచిదే" అన్నాడు తలెత్తకుండా. "వేరే బండికి పెడ్త. చేసెటప్పుడే పాతదాన్ని బాగుచేద్దామని నాకు తట్టలే. దుంకిపిద్దామనుకున్న. అక్క కూసుంటే గద తెలిసింది, ఎవరి బండో."

పాత పుల్లీ పట్టుకుని అప్పటికప్పుడు లేత్ మిషను షాపుకు పోయాడు. అరిగిన భాగం చెక్కించి, దాని మీద ఇనుప రింగు ఎక్కించి, గాడులు మళ్లీ తీయించాడు. చుట్టుకొలత మాత్రం ఎల్లయ్య కొన్నప్పటి కొలతే ఉంచమన్నాడు. అది ఎంతో ఎట్లా తెలిసిందంటే, అరగకముందు బెల్టు ఎక్కడ కూర్చునేదో పుల్లీ అంచు మీద పాత రాపిడి గుర్తు ఉంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ పని పూర్తి కాలేదు. చిన్న పుల్లీ ఇచ్చే జోరు దీనికి రాదు. కూలరు చల్లబరిచే గాలి ఎంత బలం ఇస్తే అంతే. గుట్ట ఎక్కుతుందో లేదో ప్రభుదాసు కూడా చెప్పలేకపోయాడు. మల్లేష్ బండి చుట్టూ తిరుగుతూ గోళ్లు కొరుకుతున్నాడు.

శంకరమ్మ పిలవకుండానే వచ్చింది. వచ్చి కేబిన్ ఎక్కి కూర్చుంది. మల్లేష్ స్టార్టు చేసి తొక్కాడు.

బ్లోయర్ లావుగా, నిదానంగా లేచింది. ఈమధ్య ఉన్న బొంగురు లేదు. శంకరమ్మ రెండు చేతులతో ముందున్న డాష్‌బోర్డు పట్టుకుంది. చాలా ఏళ్ల కిందటి కూత అది, ఎల్లయ్య రోజుల నాటిది. ఆ సంగతి ఆమె చెప్పలేదు, నాకు ఆమె మొహం చూస్తే తెలిసింది. ప్రభుదాసు ఆమె వైపు చూడకుండా చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

నీళ్లు నింపుకుని గుండ్లపోచంపల్లి బయల్దేరారు. శంకరమ్మ దిగలేదు. వెనక ఏసమ్మ ఆటోలో వచ్చింది. ప్రభుదాసు నా స్కూటరు వెనక ఎక్కాడు. దుకాణం షట్టరు దించి మరీ ఎందుకు పోయానని నన్ను అడగొద్దు. నా పుల్లీ తీసేసినవాడి పని చూడాలి కదా.

గుట్ట మొదట్లో మల్లేష్ గేరు తగ్గించాడు. ట్యాంకరు ఎక్కడం మొదలుపెట్టింది. నా వెనక ప్రభుదాసు నా భుజాలు నలిపేస్తున్నాడు. సగం దూరంలో, రోజూ ఆగిపోయే చోట, బండి నెమ్మదించింది. ప్రభుదాసు ఏదో గొణిగాడు, ప్రార్థనో తిట్టో నాకు తెలియదు. మల్లేష్ ఇంకో గేరు దించాడు. కూత ఒక్కసారి కిందికి పడి, మళ్లీ లేచింది. పొగ రాలేదు. నడిచే మనిషి నడకతోనే పోయింది గానీ ఆగలేదు. పైన గేటు దగ్గర వాచ్‌మన్ గొలుసు తీస్తూ "ఇగ రోజు గిదే టైముకు వస్తవా?" అని అరిచాడు. "వస్త!" అని మల్లేష్ అంతకంటే గట్టిగా అరిచాడు. నేను స్కూటరు ఆపాను. నా భుజాలు నొప్పి పుడుతున్నా ప్రభుదాసు చెయ్యి తీయమని చెప్పబుద్ధి కాలేదు. ఈ మనిషంటే నాకు ఎంత ఇష్టమో ఆ గుట్ట మీద తెలిసింది.

నీళ్లు సంపులోకి వదిలారు. శంకరమ్మ కేబిన్ దిగి ఆటో వైపు నడిచింది.

"యాడికే? బండిల్నే పోదం, ఇంటికే గద పోవుడు" అన్నాడు మల్లేష్.

"నేను ముందుగాల ఆటోల పోత. నువ్వెనక రా బిడ్డా."

"ఎందుకే?"

"నేను బండిల ఉంటే ఇంటికాడ ఎవలింటర్రా?" అంది శంకరమ్మ. "నేను పొయ్యికాడ ఉండాలె. అది కట్ట మీదికెళ్లి రావాలె."

ఏసమ్మ ఆమెను ఎక్కించుకుని వెళ్లింది. ట్యాంకు ఖాళీ అయింది. మల్లేష్ పైపు చుట్టి, కేబిన్ ఎక్కి, తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"ఆగురా" అన్నాడు ప్రభుదాసు. "ఆటో ఇంక మేడ్చల్ గూడ దాటి ఉండది."

ముగ్గురం గేటు బయట అరుగు మీద కూర్చున్నాం. కింద హైవే మీద దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. ప్రభుదాసు పాడలేదు, జోకు చెప్పలేదు. ఫోను చేతిలో పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. చివరికి అది మోగింది. ఏసమ్మ గొంతు నాక్కూడా వినపడింది: "దింపిన. పొయ్యి ముట్టిచ్చింది."

ప్రభుదాసు లేచి, మల్లేష్‌ను కేబిన్ ఎక్కించి, తలుపు మీద చేత్తో రెండుసార్లు కొట్టాడు.

"పో బిడ్డా. మీ అమ్మ ఇంటాంది."